చప్పుడుకి ముందు

"టీచర్‌గారూ, క్లిక్ వినపడగానే మీటుతున్నాను కదా. మరి వెనకబడుతున్నానని ఎందుకంటారు?"

డాలస్‌లో ఉన్న మా శిష్యురాలు ఈ ప్రశ్న వేసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్లు లేవకముందే వీణ ముందేసుకుని కూర్చుంటుంది. ఊరికే వాదించే మనిషి కాదు, అడిగిందంటే అర్థంకాకే అడుగుతుంది. పైగా ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. వినపడగానే మీటుతోంది. చిక్కంతా అక్కడే ఉంది. విన్నాక మీటితే ఆలస్యమే కదమ్మా అన్నాను.

అనేశాక ఆ మాట నన్నే పట్టుకుంది. దైవం గురించి మాట్లాడుకున్నా, ధర్మం గురించి మాట్లాడుకున్నా మనకి ఒకటే వరస అలవాటు: ముందు ఆజ్ఞ, తర్వాత పాటింపు. పైవాడు చెబుతాడు, మనం వింటాం, విన్నాక నడుచుకుంటాం. లయ దగ్గర ఈ వరస పనికిరాదు. విని నడుచుకునేవాడు ఎంత వినయంగా నడుచుకున్నా లయ తప్పినవాడే. అలాంటప్పుడు కాలానికి లోబడటం అంటే ఏమిటి? ఇన్నేళ్లుగా పిల్లలకి తాళం చెబుతున్న నాకు ఈ ప్రశ్న తోచడానికి ఫోన్‌లో సమంగా క్లిక్‌లు కొట్టే మెట్రోనోమ్ యాప్ ఒకటి కావలసివచ్చింది.

మాది విజయనగరం. ఇంట్లోనే వీణ చెబుతాను. ఎదురుగా కూర్చుని నేర్చుకునేవాళ్లకి మెట్రోనోమ్ అక్కర్లేదు, నా చెయ్యి, నా తొడ చాలు. చప్పుడు చెవికి అందుతుంది, చెయ్యి లేవడం కంటికి అందుతుంది. డాలస్ అమ్మాయికి వీడియో పాఠం మొదలుపెట్టినప్పుడు అలాగే తాళం వేసి చూశాను. నేను వేసిన దెబ్బ అక్కడికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. దాన్ని పట్టుకుని ఆమె మీటుతుంది. ఆ మీటు నాకు ఇంకాస్త ఆలస్యంగా వినపడుతుంది. ఆమె వెనకబడిందనుకుని నేను చెయ్యి నెమ్మది చేస్తాను, నేను నెమ్మదించానని ఆమె ఇంకా నెమ్మదిస్తుంది. రెండు ఆవర్తాలు తిరిగేసరికి పాట కాళ్లీడ్చుకుంటూ నడుస్తుంది.

నెట్ బాగోలేదని మొదట్లో తిట్టుకున్నాం. మావారు ఒకరోజు కాగితం మీద లెక్కకట్టి చూపించారు. ఇక్కడికీ డాలస్‌కీ సుమారు 14,000 కిలోమీటర్లు. గాజుతీగలో వెలుగు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఎంత గొప్ప నెట్ అయినా వెళ్లడానికి సెకనులో 7 శాతం, రానూపోనూ 14 శాతం పట్టి తీరుతుంది. నిమిషానికి 60 దెబ్బల నడకలో మూడో కాలం వాయిస్తే ఒక్కో స్వరానికి దక్కేది పావు సెకను. అందులో సగానికి పైగా సముద్రం కిందే ఖర్చయిపోతోందన్నమాట. దీనికి ఎవర్నని తిడతాం?

అందుకే యంత్రాన్ని ఆమె దగ్గర పెట్టాం. ఆమె క్లిక్‌తో వాయిస్తుంది, నేనిక్కడ రెండూ వింటాను. రెండూ ఒకే దారిన ఒకే ఆలస్యంతో వస్తాయి గనుక వాటి మధ్య తేడా చెడకుండా నాకు అందుతుంది. (వీడియో కాల్‌లో మాట స్పష్టంగా వినపడాలని చప్పుళ్లని వడకట్టే సదుపాయం ఒకటుంటుంది. అది క్లిక్‌ని రొదగా లెక్కేసి మింగేస్తుంది. దాన్ని ఆపుకోవాలని తెలియక కొన్నాళ్లు యంత్రం పాడైందనుకున్నాం.) ఇద్దరం కలిసి వాయించడం ఇక కుదరదు. ఆమె కలిసిందో లేదో మాత్రం చెప్పగలను.

కాలాన్ని కంటితో చూడలేం, గుర్తుల్ని బట్టి ఉందని తెలుసుకోవాలి అంటాడు వైశేషికం చెప్పిన కణాదుడు. ఆ గుర్తులు ఏమిటంటే ముందు, వెనక, ఒకేసారి, నెమ్మది, త్వర. వీణ చెప్పేదానికి ఇవి తత్త్వశాస్త్రంలా వినపడవు. పొద్దుట్నించి సాయంత్రం దాకా పిల్లలకి నేను చెప్పేవి ఈ అయిదు మాటలే. ముందుకెళ్లావు, వెనకబడ్డావు, కలిసింది, లాగుతున్నావు, తరుముతున్నావు.

పెద్దవాళ్లకి యంత్రం గిట్టదు. మా గురువుగారు దాన్ని టిక్కుటిక్కుల పెట్టె అనేవారు, అది పెట్టుకుని సాధన చేసినవాడి వాయింపులో ప్రాణం ఉండదనేవారు. ఆ మాటలో సగం నేను ఒప్పుకుంటాను. మెట్రోనోమ్‌కి తాళం తెలియదు. ఆదితాళంలో మొదట ఒక దెబ్బ వేసి, చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు లెక్కపెడతాం. ఆపైన దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. చెయ్యి కదలిక తిరిగొచ్చినా ఎనిమిది అక్షరాల్లో ఏ రెండిటి చోటూ ఒకటి కాదు. ఆరో అక్షరం మీద ఉన్నవాడికి ఇల్లు ఇంకెంత దూరమో ఒంటికి తెలుస్తుంది. యంత్రానికి ఆరూ ఒకటీ ఒకటే. మొదటి దెబ్బకి వేరే చప్పుడు పెట్టే యాప్‌లున్నాయి. అయినా వినేవాడికి గుర్తు దొరుకుతుందే తప్ప యంత్రానికి ఎక్కడికీ తిరిగి రావలసిన పనిలేదు.

ఇక్కడ చాలామంది పాశ్చాత్యుల కాలం గీతలా సాగుతుంది, మనది చక్రంలా తిరుగుతుంది అని ఒక ఉపన్యాసం అందుకుంటారు. నాకు ఆ ఉపన్యాసం నచ్చదు. మృదంగం వాళ్ల తనియావర్తనం వినండి. ఆవర్తం తిరుగుతూనే ఉంటుంది, వాయింపు మాత్రం చివరి ముక్తాయింపు వైపు తిరుగులేకుండా పరిగెడుతుంది. రెండు రకాల కాలాలూ అందరి దగ్గరా ఉన్నాయి.

నిజానికి వీణకి యంత్రం బయటినుంచి తేనక్కర్లేదు. దానికి ఏడు తీగలు. నాలుగు మెట్ల మీదుగా పోతాయి, పాట పలికేది వాటిమీద. మిగతా మూడూ దండికి పక్కగా, మెట్లకి తగలకుండా ఉంటాయి. తాళపు తీగలంటాం. వాటిని షడ్జ పంచమాలకి శ్రుతి చేస్తాం. చూపుడువేలు, నడిమివేలు పైతీగల్ని కిందికి మీటుతుంటే చిటికెనవేలు పైకి లేస్తూ ఈ మూడింటినీ తాకుతుంది. అది తాకిన చోటే తాళం. కొత్తవాళ్ల చేతిలో ఈ చిటికెనవేలి సంగతి చూడాలి. సరళీస్వరాలు మొదటి కాలంలో వాయించినంతసేపూ బుద్ధిగా ఉంటుంది, ఎందుకంటే స్వరానికొక దెబ్బ. రెండో కాలంలో మీటు రెట్టింపవుతుంది, చిటికెనవేలు మాత్రం పాత నడకలోనే ఉండాలి. ఉండదు. పక్కవేళ్లు పరిగెడుతున్నాయని అదీ పరిగెడుతుంది. గట్టిగా మందలిస్తే బిగుసుకుపోయి అసలు కదలదు. పిల్లల ముఖం చూడక్కర్లేదు, ఆ వేలు చూస్తే చాలు లోపల ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. ఒకే చేతిలో ఒకటి త్వరగా, ఒకటి నిదానంగా నడవాలి. రెండూ ఒకరివే అయుండాలి.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. చప్పుడు వినగానే వేలు కదపమంటే ఎంత చురుకైన మనిషికైనా సెకనులో ఏడోవంతో ఆరోవంతో పడుతుంది. చెవి వినాలి, మెదడుకి చేరాలి, అక్కణ్నించి చేతికి కబురు పోవాలి. ఆ లెక్కన క్లిక్‌తో సరిగ్గా కలవడం మనిషికి సాధ్యమే కాకూడదు. కానీ కలుస్తున్నాం. ఎలాగంటే, క్లిక్ కోసం ఆగకుండా బయల్దేరిపోతాం కాబట్టి. మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు వందేళ్లకు పైగా దీన్ని కొలుస్తూనే ఉన్నారు. సమంగా వచ్చే చప్పుళ్లతోపాటు వేలితో తట్టమంటే జనం సరిగ్గా చప్పుడు మీద తట్టరు, కొద్దిగా ముందే తడతారు. సెకనులో వందోవంతులతో లెక్కించే ముందు అది. తట్టేవాళ్లకి మాత్రం ఒకేసారి తట్టినట్టే ఉంటుంది. సంగీతం అభ్యాసం ఉన్నవాళ్లలో ఆ తేడా తగ్గుతుంది. ఎవరూ చప్పుడు వినేదాకా ఆగరు.

అంటే ఆ వేలు కదిలే క్షణానికి చప్పుడింకా ఈ లోకంలో లేదు. వస్తుందన్న భరోసా మీద వేలు బయల్దేరింది. ముందు వచ్చిన దెబ్బలు సాక్ష్యం చెబుతాయి నిజమే, కానీ రాబోయేదానికి అవి పూచీ పడలేవు. దీన్ని శ్రద్ధ అనకపోతే మరి దేన్నంటాం? శ్రద్ధ అంటే ఎవరో చెప్పింది నమ్మడమని మనకి అలవాటైపోయింది. శాస్త్రం చెప్పింది, గురువు చెప్పాడు, నమ్మాను అంటాం. వీణ దగ్గర కనపడే శ్రద్ధలో చెప్పినమాట ఏదీ లేదు. రానిదాని చోటికి చేతిని ముందే పంపడం ఉంది. నమ్మానని నోటితో అన్నా అనకపోయినా చెయ్యి బయల్దేరిందో లేదో తెలిసిపోతుంది.

సింహాచలం మాకు దగ్గరే. వైష్ణవ పండితుల ప్రసంగాల్లో చిన్నప్పట్నుంచీ విన్న వాదం ఒకటుంది, శరణాగతి కోతిపిల్లదా పిల్లిపిల్లదా అని. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా కరుచుకుంటుంది. పిల్లిపిల్ల ఏమీ చేయదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. జీవుడి ప్రయత్నం ఎంత, దేవుడి దయ ఎంత అన్నది అక్కడ తగువు. మెట్రోనోమ్ ముందు కూర్చున్నవాళ్లలో రెండు రకాలూ చూశాను. క్లిక్ మీద బరువంతా వదిలేసి అది లాగినట్టు పోయేవాళ్లు కొందరు, పళ్లబిగువున దాన్ని పట్టుకుని వేలాడేవాళ్లు కొందరు. ఇద్దరి వాయింపూ వెనకే ఉంటుంది, ఎందుకంటే రెండు చోట్లా తల్లి ముందు వెళుతుంది, పిల్ల వెంట వెళుతుంది. లయ కుదిరిన మనిషి వెంట వెళ్లడు. యంత్రమూ అతనూ చెరో దారిన వచ్చి ఒక చోటికి చేరుకుంటారు. ఆచార్యులు ఎవరైనా ఈ మూడోదాన్ని శరణాగతిగా ఒప్పుకుంటారో లేదోగాని, సాధనలో నాకు కనపడేది ఇదే.

కుదిరినప్పుడు ఒక చిత్రం జరుగుతుంది. మీటు, క్లిక్ సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడితే క్లిక్ వినపడదు. తీగ చప్పుడు దాన్ని కప్పేస్తుంది. మొదటిసారి అలా జరిగినప్పుడు డాలస్ అమ్మాయి వాయించడం ఆపేసి ఫోన్ చూసుకుంది. "ఆగిపోయిందేమో అనుకున్నాను టీచర్‌గారూ" అంది. ఆపగానే క్లిక్ మళ్లీ వినపడింది. అది అంతసేపూ కొడుతూనే ఉంది.

పిల్లలంతా త్వరగా వాయించడం కష్టమనుకుంటారు. కష్టం నెమ్మదిలో ఉంది. పాతకాలపు మెట్రోనోమ్‌లో కడ్డీ మీద జారే బరువొకటి ఉండేది, పైకి జరిపితే నెమ్మది, కిందికి దింపితే త్వర. దానిమీద అంకెలు 40 నుంచి 208 దాకా. అన్నిటికంటే నెమ్మదైన ఆ 40 పెట్టి మాయామాళవగౌళలో సరళీస్వరాలు మొదటి కాలం వాయించమనండి, ఎంతమంది నిలుస్తారో చూద్దాం. దెబ్బకీ దెబ్బకీ మధ్య సెకనున్నర. వీణ నాదం మీటగానే పుట్టి కరగడం మొదలుపెడుతుంది. సెకను గడిచేసరికి తీగ మీద ఏమీ మిగలలేదనిపిస్తుంది. ఆ ఖాళీ భరించలేక వేలు తొందరపడుతుంది. చేతకాక తొందరపడదు, భయపడి తొందరపడుతుంది. ఎడమచేతి వేళ్లకి రాసుకున్న కొబ్బరినూనె తీగ మీద జారుతుంటుంది, నొక్కు సడలుతుంది, ఊపిరి బిగపట్టేస్తారు. ఊపిరి వదలమ్మా అనడమే ఆ పూట నా పాఠం.

మా అన్నయ్య సంస్కృతం లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాడు. ఈ సంగతి చెబితే లోపలికెళ్లి భర్తృహరి వాక్యపదీయం పట్టుకొచ్చాడు. శతకాల భర్తృహరి పేరే మనకి ఎక్కువ తెలుసు, ఇది వ్యాకరణ తత్త్వం. మూడో కాండలో కాలం గురించి ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. లోకమనే యంత్రానికి కాలం సూత్రధారి అంటాడు ఆయన. ఆ సూత్రధారికి రెండు శక్తులు. ఒకటి అభ్యనుజ్ఞ, ఇక రా అని అనుమతించడం. రెండోది ప్రతిబంధం, ఇంకా వద్దని అడ్డుపడటం. విత్తనంలోంచి మొలక, కాండం, పువ్వు, కాయ ఒక్కసారిగా బయటపడకుండా ఒక్కొక్కటే రావడం ఈ రెండింటివల్లే. అడ్డు లేకపోతే అన్నీ ఒకేసారి వచ్చిపడతాయి, వరస అనేదే ఉండదు.

నాకు ఆ రెండో శక్తి దగ్గర మనసు ఆగిపోయింది. మెట్రోనోమ్ అంటే అందరం క్లిక్ అనుకుంటాం, అంటే అనుమతి. అసలు పని జరిగేది రెండు క్లిక్‌ల మధ్య, ఇంకా వద్దు ఇంకా వద్దు అని ఆపిపట్టే చోట. తర్వాతి స్వరం వేలి కొసకి వచ్చి నిలబడి ఉంటుంది. దాన్ని తొక్కిపెట్టకుండా, వదిలేయకుండా ఉంచాలి. కాలాన్ని మనం మింగేసేదిగా, లాగేసుకునేదిగా తలుస్తాం. మనిషి పోతే కాలం చేశారంటాం. అది ఆపిపట్టి కాపాడుతుందని కూడా అనుకోవచ్చునని భర్తృహరి దగ్గరే తెలిసింది. క్షేత్రయ్య పదాలు చౌకకాలంలో వాయించడంలో వీణ ధనమ్మాళ్‌ని మించినవారు లేరని పెద్దలు చెప్పుకునేవారు. ఆ నెమ్మదిలో ఆమె దేన్ని ఆపిపట్టి ఉంటారో ఇప్పుడు కొంచెం ఊహించగలను.

గడియారం లేని రోజుల్లో లయకి కొలత ఎక్కణ్నించి వచ్చిందని అన్నయ్యని అడిగాను. నాట్యశాస్త్రం రెప్పపాటు లెక్క చెబుతుంది, అయిదు నిమేషాలు ఒక మాత్ర. సంగీతరత్నాకరంలో అయిదు లఘ్వక్షరాలు పలికేంతసేపు. వేదం చెప్పేవాళ్ల శిక్షాగ్రంథంలో ఉన్నది నాకు మరీ నచ్చింది. పాలపిట్ట అరిస్తే ఒక మాత్ర, కాకి అరిస్తే రెండు, నెమలి అరిస్తే మూడు, ముంగిస కూత అరమాత్ర. దసరానాడు చూడాలని మనం పొలాల వెంట పడేది ఆ పాలపిట్ట కోసమే. హ్రస్వమెంతో దీర్ఘమెంతో పిల్లలకి చెప్పడానికి చెట్టు మీది పక్షిని చూపించారు. పాశ్చాత్యుల దగ్గరా ఇలాంటి పద్ధతే ఉండేది. జర్మనీలో క్వాంట్జ్ అనే వేణువు విద్వాంసుడు 1752లో రాసిన పుస్తకంలో ఆరోగ్యంగా ఉన్న మనిషి నాడిని కొలతగా పెట్టుకోమన్నాడు, నిమిషానికి సుమారు 80. ఆ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో వింకెల్ కనిపెట్టిన యంత్రాన్ని కొద్దిగా మార్చి 1815లో మెల్జెల్ తన పేరున పేటెంట్ చేసుకున్నాడు. రెండేళ్లకి బీథోవెన్ తన సింఫనీలకి మెట్రోనోమ్ అంకెలు ప్రకటించాడు. అదే బీథోవెన్ ఒక పాట రాతప్రతి మీద ఈ అంకె మొదటి కొన్ని గతులకే వర్తిస్తుంది, భావానికి దాని నడక దానికుంటుంది అన్న అర్థంలో రాసుకున్నాడు. మా గురువుగారికి ఈ సంగతి తెలిసుంటే సంతోషించేవారు.

కాలం బయటుందా లోపలుందా అన్న తగువులోకి దిగితే ఇక తెమలదు. వైశేషికులు బయటే ఉందన్నారు. అది ఒకటే, నిత్యం, ముక్కలు మనం చేసుకున్నవి అన్నారు. శ్రీపర్వతంతోనూ సాతవాహన రాజుతోనూ ముడిపెట్టి మనవాళ్లు చెప్పుకునే నాగార్జునుడు ఆరంటే ఆరే శ్లోకాల్లో కాలాన్ని ఎక్కడా నిలవనీయకుండా చేశాడు. వర్తమానం, భవిష్యత్తు గతం మీద ఆధారపడేవైతే అవి గతంలోనే ఉండాలి, అక్కడ లేకపోతే ఆధారపడటం ఎలా అని అడుగుతాడు. మెట్రోనోమ్ ముందు కూర్చుంటే ఆయన మాట కాదనలేం. మోగిన క్లిక్ పోయింది, మోగాల్సింది రాలేదు, నడుమ ఏమీ లేదు. ఇంతకంటే శూన్యం ఎక్కడ చూపిస్తారు? అయినా వేలు సరైన చోటికే వచ్చి పడుతోంది. నాగార్జునుడికి జవాబు చెప్పడం నా వల్ల కాదుగాని, ఆ వేలికి ఆయన కూడా జవాబు చెప్పాల్సి ఉంటుందని నా అభిప్రాయం. క్రైస్తవుల్లో ఆగస్టీన్ తన ఆత్మకథలో పదకొండో భాగంలో చాలామటుకు ఈ ప్రశ్న మీదే ఖర్చుపెట్టాడు. ఒక స్తోత్రంలోని హ్రస్వదీర్ఘాలు ఎలా కొలుస్తున్నాం అని అడిగి, పలికేసింది జ్ఞాపకంలోనూ పలకాల్సింది ఎదురుచూపులోనూ ఉంటాయి, కొలిచేది మనసులోనే అని తేల్చాడు. వీళ్లందరిలో పాట పాడుతూ ఆలోచించినవాడు ఆయనే అనిపిస్తుంది.

విజయనగరంలో ఉండి ఇంత మాట్లాడి ఆదిభట్ల నారాయణదాసుగారిని తలవకపోతే బాగుండదు. 1919లో ఇక్కడ మహారాజావారి సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. రెండు చేతులతో రెండు తాళాలు, రెండు కాళ్లతో రెండు, తలతో ఒకటి, మొత్తం అయిదు తాళాలు ఒకేసారి వేసేవారని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇది గారడీగా విని వదిలేయకూడదు. మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది అక్షరాల ఆవర్తాలు ఒకేచోట మొదలయ్యాయనుకోండి. అవన్నీ మళ్లీ ఒకే అక్షరం మీద కలిసేది 1260 అక్షరాల తర్వాత. సెకనుకొక అక్షరమైతే 21 నిమిషాలు. అంతసేపూ అయిదూ వేటికవే విడిగా ఉంటాయి, అక్షరం మాత్రం అన్నిటికీ ఒకటే. ఆ ఒక్కటీ తప్పిందా, అయిదూ తప్పినట్టే. కాలం ఒకటే, భాగాలు మనం చేసుకున్నవి అన్న వైశేషికుల మాట పుస్తకంలో చదివితే నాకు పట్టుబడలేదు. ఆ హరికథకుడి ఒళ్లు ఊహించుకుంటే పట్టుబడింది.

ఇప్పుడు డాలస్ అమ్మాయికి ఇంకో రకం సాధన ఇచ్చాను. యాప్‌లో కొన్ని ఆవర్తాలు క్లిక్ మోగి, కొన్ని ఆవర్తాలు మూగగా పోయేలా పెట్టుకోవచ్చు. మొదట ఒక ఆవర్తం మోగడం, ఒకటి మూగ. తర్వాత మూగ రెండు. మూగగా ఉన్నంతసేపూ ఆమె నడక ఆమెదే, తిరిగి మోగినప్పుడు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఎప్పుడూ ఒక వైపే తప్పుతుంది ఆ అమ్మాయి, ముందుకే. వెనకబడేది వింటూ వాయించినప్పుడు మాత్రమే. యంత్రం కోప్పడదు, మెచ్చుకోదు, నువ్వు కలవలేదని తన నడక మార్చుకోదు. నేనలా ఉండలేను. నాకు తెలియకుండానే శిష్యులకి అనువుగా నా చెయ్యి జరిగిపోతుంది. గురువులో దయ అక్కర్లేని చోటు ఒకటుందని, అక్కడ యంత్రమే మేలని ఈ వయసులో ఒప్పుకుంటున్నాను.

ఈ మూగ ఆవర్తాల సంగతి విని అన్నయ్య మైత్రి ఉపనిషత్తు ఎత్తాడు. అందులో బ్రహ్మానికి రెండు రూపాలు చెబుతారట, కాలం ఒకటి, అకాలం ఒకటి. సూర్యుడికి ముందున్నది భాగాలు లేనిది, సూర్యుడితో మొదలైనది భాగాలున్నది. "నీ క్లిక్ మోగేది కాలమే, మూగది అకాలమేమోనే" అన్నాడు. అలా కాదన్నాను. మూగ ఆవర్తంలోనూ ఎనిమిది అక్షరాలూ ఉన్నాయి, అవి ఉన్నాయనే కదా ఆ అమ్మాయి తప్పుతోంది. భాగాలు లేనిదాంట్లో తప్పడం ఎలా కుదురుతుంది?

దీనిమీద మా ఇద్దరికీ పంతం వచ్చింది. నువ్వు గాయత్రి జపం నిమిషానికి 40 క్లిక్‌ల మీద చేసి చూడు అన్నాను. వేళ్ల మీదే లెక్కేశాడు. "క్లిక్‌కొక అక్షరం, ఇరవైనాలుగు అక్షరాలు, నూటెనిమిది సార్లంటే గంటా అయిదు నిమిషాలే. సంధ్య దాటిపోతుంది." పదే చెయ్యమన్నాను. నా ఫోన్ పట్టుకెళ్లి మేడమీద కూర్చుని చేసి వచ్చాడు. మంత్రం మీద మనసు నిలవలేదట, క్లిక్ ఎప్పుడొస్తుందా అన్న ధ్యాసే ఉందట. ఒక్కసారైనా క్లిక్ వినపడకుండా పోయిందా అని అడిగాను. లేదన్నాడు. "నేను చేసింది మానసికం. చప్పుడు లేనిది నీ చప్పుడుని ఎలా కప్పుతుంది? మనసులో మంత్రానికి వరస లేదు, అంతా ఒక్కసారే ఉంటుంది. భర్తృహరి చెప్పిన స్ఫోటం అదే. తాళం నాలుకకి కావాలిగాని మనసుకెందుకు?"

ఇది నేను ఒప్పుకోను. విశాఖపట్నం బస్సులో కూర్చుని నేను మనసులో వర్ణం వాయించుకుంటాను. పెదవి కదలదు, వేలు కదలదు. అయినా దానికో కాలప్రమాణం ఉంటుంది. ముక్తాయి స్వరం దగ్గర తొందరపడితే, తొందరపడ్డానని నాకు తెలుస్తుంది, వెనక్కెళ్లి మళ్లీ వాయిస్తాను. అక్కడ తీగ లేదు, చెవి లేదు, సూర్యుడి లెక్క లేదు. మరి తప్పింది దేన్ని?

"అది జపం కాదే, సాధన" అన్నాడు అన్నయ్య. తేడా ఏమిటో చెప్పమంటే సంధ్యవేళయిందని లేచాడు.